చలికాలం పెరటి తోట: రాయగడ, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా వెళ్లిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. గుణుపురం నుంచి ఆడపడుచు, జయపురం నుంచి పిన్ని కూతురు, ఇక్కడ ఒడిశాలోని రాయగడలో మా వీధివాళ్లు. అడిగేవి మాత్రం ఏటేటా అవే. కొత్తిమీర ఎందుకు మొలవలేదు, చామంతి ఎందుకు పూయలేదు, తులసి ఎందుకు ఎండిపోతోంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు ఏది కావాలో అక్కడికే వెళ్లొచ్చు.

ఏడాది మొత్తంలో మనం తోటని మనసారా అనుభవించగలిగే కాలం ఇదొక్కటే. ఏప్రిల్లో పెరట్లో పది నిమిషాలు నిలబడలేం. జులైలో బురద, నత్తలు. కార్తీకం నుంచి మాఘం దాకా మాత్రం పొద్దున్నే బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రాబుద్ధి కాదు. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. మన దగ్గర చలికి చచ్చిపోయే మొక్కలు చాలా తక్కువ. ఎక్కువ మొక్కలు పోయేది అతిగా పోసిన నీళ్ల వల్ల, ఆలస్యంగా వేసిన విత్తనం వల్ల. ఈ రెండూ సరిచూసుకుంటే సగం టెన్షన్ తీరిపోతుంది.

## వానలు తగ్గుముఖం పట్టాక

వినాయక చవితి అయిపోగానే కాలీఫ్లవర్, టమాట నారు నాటేయొచ్చా?

నారు పోసుకోండి, మడిలో నాటడానికి మాత్రం తొందరపడకండి. మన వైపు అక్టోబరు రెండో వారం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ సరిగ్గా అదే తేదీన విశాఖ దగ్గర దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటి, గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. ఆ వారంలో నేలలో ఉన్న లేత నారు బతకడం కష్టం.

మా ఇంట్లో సెప్టెంబరు మూడో వారంలో ట్రేల్లో నారు పోసి వసారాలో పెడతాం. తుఫాను కబురు వస్తే ట్రేలు ఎత్తి లోపల పెట్టుకోవచ్చు. కాలీఫ్లవర్, కేబేజీ, టమాట నారు 25 నుంచి 30 రోజులకి నాటడానికి వస్తుంది కాబట్టి, అక్టోబరు 15 దాటాక నాటితే లెక్క సరిపోతుంది.

యూట్యూబ్‌లో ఢిల్లీ వాళ్లు చెప్పే తేదీలు మనకి పనికొస్తాయా?

పనికిరావు. అంతెందుకు, మన ప్రాంతంలోనే ఒక ఊరి తేదీ ఇంకో ఊరికి సరిపోదు. బరంపురం సముద్రానికి దగ్గర, అక్కడ చలి మెత్తగా ఉంటుంది. రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడ డిసెంబరు చివర, జనవరిలో రాత్రిళ్లు పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. సిమిలిగుడ, పొట్టంగి వైపు ఉన్నవాళ్లు బఠానీ, క్యారెట్, కేబేజీ ఫిబ్రవరి దాకా హాయిగా పండించుకుంటారు. అదే పని పర్లాకిమిడిలో చేస్తే ఫిబ్రవరి ఎండకి కాలీఫ్లవర్ పువ్వు విచ్చుకుని బియ్యపు గింజల్లా అయిపోతుంది. కింద ఊళ్ల వాళ్లు చలి కూరలన్నీ నవంబరు మధ్యలోపు నేలలో పెట్టేయాలి. పైనున్న వాళ్లకి ఇంకో మూడు వారాలు వెసులుబాటు ఉంటుంది.

విత్తనాల దుకాణంలో ఒడియాలో ఏమని అడగాలి? కొత్తగా పెళ్లై వచ్చాను, ప్యాకెట్ మీద రాత కూడా చదవలేను.

ఈ నాలుగు మాటలు నేర్చుకుంటే చాలు, మిగతావి బొమ్మ చూసి తెలుసుకోవచ్చు. కొత్తిమీరకి ధనియా, పాలకూరకి పాలంగ, ముల్లంగికి మూళా, చిక్కుడుకి శిమ్బ. కాలీఫ్లవర్ ఫుల్‌కోబి, కేబేజీ బంధాకోబి. టమాటని మన వైపు ఒడియా వాళ్లు బిలాతి అంటారు. బంతి గెండు, చామంతి సేబతి. పశువుల ఎరువు కావాలంటే గోబర ఖత అని, ఆవ చెక్క కావాలంటే సొరిస పిడియా అని అడగండి. ఆకుకూరని వాళ్లు శాగ అంటారు కాబట్టి, పేరు తెలియకపోతే ఆకు చూపించి "ఏ శాగ?" అంటే సరిపోతుంది.

ప్యాకెట్ మీద ఏ భాషలో ఉన్నా అంకెలు చదవొచ్చు. గడువు తేదీ తప్పకుండా చూడండి. ఒక ఏడు ఒక దుకాణంలో ఆదరాబాదరాగా కొన్న పాలకూర విత్తనం రెండేళ్ల పాతది. ఇంటికొచ్చాక చూసుకున్నాను, నూటికి పది కూడా మొలవలేదు.

కుండీలో మట్టి ఏ లెక్కన కలపాలి?

రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరి పొట్టు. గుప్పెడు వేప చెక్క కలపండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దవ్వాలి, వేలితో తాకితే విరిగిపోవాలి. వేలు పెట్టినా విరగకపోతే ఇంకాస్త ఇసుక పడాలి. ఎరువులో ఇంకా పేడ వాసన వస్తుంటే అది చివకలేదని అర్థం. దాన్ని వాడితే వేళ్లు కాలిపోతాయి, పురుగు కూడా పడుతుంది.

మా ఎర్రమట్టి దొడ్లో కాలీఫ్లవర్ ఆకులు సన్నగా కొరడాల్లా వస్తున్నాయి. ఏ మందు కొట్టాలి?

ముందు మట్టి సంగతి చూడాలి. మన ఎర్ర నేలల్లో పులుపు, అంటే ఆమ్ల గుణం ఎక్కువ. పులిసిన మట్టిలో మాలిబ్డినం అనే పోషకం మొక్కకి అందదు. అప్పుడే ఆకు వెడల్పు తగ్గి, మధ్య ఈనె మాత్రమే మిగిలినట్టు కనిపిస్తుంది. నాటడానికి రెండు మూడు వారాల ముందు చదరపు మీటరుకి సుమారు 200 గ్రాముల వ్యవసాయ సున్నం చల్లి, మట్టిలో కలిపి, నీళ్లు పెట్టి వదిలేయండి. గోడలకి వేసే ఘాటు సున్నం వద్దు. సున్నాన్నీ పశువుల ఎరువునీ ఒకే రోజు కలపొద్దు. కలిపితే ఎరువులోని నత్రజని గాల్లోకి పోతుంది.

కాడ మధ్యలో బోలుగా ఉండి, పువ్వు మీద గోధుమ రంగు మచ్చలు వస్తే అది బోరాన్ లోపం. లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి పది రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే కొత్త ఎదుగుదల బాగుంటుంది. ఏటా ఇదే బాధ ఉంటే జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో ఒకసారి మట్టి పరీక్ష చేయించుకోండి.

వేసవిలో మాడిపోయేంత ఎండ పడిన మూల ఇప్పుడు రోజంతా నీడగా ఉంది. ఎందుకు?

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. ఇంటికి ఉత్తరం వైపు ఉన్న మడులకి ఎండ తగ్గిపోతుంది, దక్షిణం వైపు వాటికి ఎక్కువ పడుతుంది. కూరగాయలకి ఆరు గంటల ఎండ కావాలి. ఉత్తరం వైపు పాలకూర, చుక్కకూర, పుదీనా వేసుకోండి, నాలుగు గంటల ఎండతో సరిపెట్టుకుంటాయి. టమాట, వంగ, బంతి కుండీల్ని దక్షిణం వైపు జరపండి.

## విత్తాక, నాటాక

ధనియాలు చల్లి పన్నెండు రోజులైంది, ఒక్క మొలకా లేదు. విత్తనం చెడిందా?

ఇంకో మూడు రోజులు చూడండి. చలికి కొత్తిమీర పది నుంచి పదిహేను రోజులు తీసుకుంటుంది. ధనియం అనేది నిజానికి రెండు గింజలున్న కాయ. అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తి రెండు బద్దలు చేయాలి. పిండి అయ్యేలా నలపకూడదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్న గుడ్డ మీద ఆరబెట్టి, అర అంగుళం లోతున వేయండి. వంటింటి డబ్బాలోని ధనియాలు కొన్నిసార్లు మొలుస్తాయి, వేయించినవైతే ఎప్పటికీ మొలవవు. మెంతులు ఈ తలనొప్పి పెట్టవు, మూడు నాలుగు రోజుల్లో తల ఎత్తుతాయి. పిల్లలతో మొదటిసారి విత్తనం వేయించాలంటే మెంతులే మంచివి.

క్యారెట్‌కి రెండు మూడు కాళ్లు వస్తున్నాయి.

మట్టిలో రాయి, గడ్డ లేదా పచ్చి ఎరువు ఉంది. అడుగు లోతు దాకా మట్టి జల్లించి వేయాలి. క్యారెట్‌కి నారు పోసి నాటకూడదు, విత్తనం నేరుగా సాల్లో పడాలి. మొలిచాక రెండంగుళాలకి ఒకటి ఉంచి మిగతావి పీకేయండి. జాలిపడి అన్నీ ఉంచితే ఒక్కటీ ఊరదు.

చలికాలంలో రోజూ నీళ్లు పోయాలా?

వద్దు. నాకు వచ్చే ఫోన్లలో సగం సమస్యలకి ఇదే కారణం. వేసవి అలవాటు ప్రకారం రెండు పూటలా బకెట్లు పోస్తారు. ఈ కాలంలో నేల ఆరదు, రాత్రి మంచుకి పైపొర తడిగానే ఉంటుంది. వేళ్లకి గాలి ఆడక కింది ఆకులు పసుపుపచ్చగా మారతాయి. దాన్ని చూసి నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు.

వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. చల్లగా, మట్టి అంటుకుంటే ఆ రోజు పోయొద్దు. పొడిగా రాలితే పోయండి. నేలలో ఉన్నవాటికి మూడు నాలుగు రోజులకి ఒకసారి, పెద్ద కుండీలకి రెండు రోజులకి ఒకసారి చాలు. లేత నారుకి మాత్రం రోజూ కాస్త తడి కావాలి. పొద్దున్న ఎనిమిది దాటాక, ఆకులు తడపకుండా మొదట్లో పోయండి. సాయంత్రం తడిపిన ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగులు పట్టుకుంటుంది.

తోటకూర, గోంగూర ఎదగడం ఆగిపోయాయి. ఎరువు వేయనా?

అవి వేడి కోరే కూరలు. ఎరువు వేసినా చలికి మందగిస్తాయి. వాటిని అలా వదిలేసి ఆ చోట పాలకూర, మెంతి, చుక్కకూర, ఆవ కూర వేసుకోండి. ఆవ కూరని మన దగ్గర పెద్దగా పట్టించుకోరు కానీ, వెల్లుల్లి తాలింపు పెట్టి వేయిస్తే చలికాలం మధ్యాహ్నం అన్నంలోకి దానికి సాటి లేదు.

కోతులు ఏమీ మిగల్చట్లేదు. ఏం వేస్తే ముట్టవు?

మా అనుభవంలో మెంతి, కొత్తిమీర, వెల్లుల్లి, పచ్చిమిర్చి, పసుపు జోలికి పెద్దగా రావు. టమాట, బఠానీ, ముల్లంగి చూస్తే మాత్రం ఆగవు. డాబా మీద వెదురు గడలు కట్టి నైలాన్ వల కప్పడం ఒక్కటే మాకు పనిచేసింది. వల కింది అంచుకి ఇటుకలు పెట్టాలి, లేకపోతే ఎత్తి దూరతాయి.

## చలి ముదిరాక

తులసి ఎండిపోతోంది. ఇంటికి మంచిది కాదంటున్నారు, భయంగా ఉంది.

భయపడకండి. ఇది ప్రతి చలికాలం ప్రతి ఇంట్లో జరిగేదే. తులసి వేడి ప్రాంతపు మొక్క. చలికి దాని ఎదుగుదల ఆగి, ఆకులు ముదిరి రాలతాయి. పైగా ఈ కాలంలోనే వెన్నులు వేసి గింజ కడుతుంది. గింజ కట్టిన కొమ్మ తన బలమంతా దానికే పెడుతుంది. ఎండిన వెన్నుల్ని రెండు ఆకుల కిందకి తుంచేయండి. కొన్ని గింజలు కాగితంలో దాచుకుంటే ఫిబ్రవరి చివర కొత్త మొక్కలు వస్తాయి.

ఇంకో కారణం మన భక్తే. కార్తీకమంతా కోట దగ్గర దీపాలు పెడతాం. ఒక ఏడు మా కోటలో మట్టి మీద గోరుతో గీస్తే జిడ్డుగా, నల్లగా పెచ్చులా లేచింది. నెలరోజులు ప్రమిదల్లోంచి కారిన నూనె అది. పోసిన నీళ్లు ఆ పెచ్చు మీద నుంచి జారి అంచుల్లోంచి దిగిపోతున్నాయి, వేళ్లకి చుక్క అందట్లేదు. పై రెండంగుళాల మట్టి తీసేసి కొత్త మట్టి వేస్తే మూడు వారాల్లో చిగురు వచ్చింది. అప్పటి నుంచి దీపం కోట గూట్లోనో కింద మెట్టు మీదో పెడుతున్నాను. పసుపు, కుంకుమ, పాలు మొదట్లో పోయకుండా కోట గోడకి సమర్పించండి. కోరాపుట్ వైపు ఉన్నవాళ్లు రాత్రిపూట పాత నూలు చీర ముక్క కప్పి, పొద్దున్న ఎండ రాగానే తీసేయాలి.

చిక్కుడు పాదు లేత కొమ్మలకి నల్లగా పేను పట్టింది. కాయలు తినొచ్చా?

తినొచ్చు, కడిగితే పోతుంది. అది పేనుబంక. మబ్బు పట్టి చలిగా ఉన్న రోజుల్లో ఒక్కసారిగా పెరుగుతుంది. బాగా పట్టిన కొసలు తుంచి సబ్బు నీళ్లలో వేసేయండి. మిగతావాటి మీద నీళ్లు గట్టిగా కొట్టండి. అప్పటికీ ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం చల్లండి, వారం తర్వాత ఇంకోసారి. మా అమ్మమ్మ పొద్దున్న మంచు తడి మీద కట్టెల పొయ్యి బూడిద చల్లేది, అది కూడా చాలావరకు ఆపుతుంది. పేను మధ్యలో ఎర్రటి అక్షింతల పురుగులు తిరుగుతుంటే ఏ మందూ వద్దు, అవే తినేస్తాయి.

జూన్‌లో వేసిన చిక్కుడు పందిరంతా అల్లుకుంది, పువ్వు లేదు. గొడ్డుపాదా?

కాదు. మన నాటు చిక్కుడు పగలు తగ్గితేనే పూత పడుతుంది. జూన్‌లో వేసినా ఆగస్టులో వేసినా అక్టోబరు, నవంబరులోనే పూస్తుంది. యూరియా వేయకండి, వేస్తే ఇంకా ఆకే వస్తుంది.

టమాటకి పూత వచ్చి రాలిపోతోంది.

రాత్రి వేడి 13 డిగ్రీల కిందికి పోతే టమాట పుప్పొడి సరిగా పనిచేయదు, పువ్వు రాలుతుంది. జయపురం, కోరాపుట్‌లో జనవరిలో ఇది ఆగదు. వేడి గోడ పక్కకి కుండీ జరపండి. పొద్దున్న పది గంటలకి పూగుత్తిని వేలితో రెండుసార్లు మెల్లగా తట్టండి, పుప్పొడి రాలి కాయ పడుతుంది. రాయగడ, బరంపురం వైపు ఈ సమస్య తక్కువ.

నిన్నటిదాకా నవనవలాడిన టమాట మొక్క ఈ రోజు పచ్చగానే వాలిపోయింది. నీళ్లు పోసినా లేవట్లేదు.

మొదలు దగ్గర కాడ కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా పట్టుకోండి. కదపకుండా ఐదు నిమిషాలు చూడండి. కొస నుంచి పాలలాంటి సన్నటి తీగలు కిందకి జారుతుంటే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. ఒడిశా ఎర్ర నేలల్లో టమాటకి, వంగకి ఇది పెద్ద శత్రువు. దీనికి మందు లేదు. మొక్కని మట్టితో సహా తీసి దూరంగా పారేయండి, ఎరువు గుంటలో వేయకండి. ఆ కత్తిని కాల్చి లేదా డెట్టాల్‌తో తుడిచి వాడండి. ఆ చోట మూడేళ్లు టమాట, వంగ, మిరప, బంగాళదుంప వేయకుండా ముల్లంగి, ఉల్లి, మొక్కజొన్న లాంటివి వేసుకోండి. అడవి వంగ వేరు మీద అంటుకట్టిన నారు దొరికితే అది చాలావరకు తట్టుకుంటుంది.

మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి.

ముడత ఎటువైపో చూడండి. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే పై ముడత, అది తామర పురుగుల పని. కిందికి వంగి తిరగేసిన పడవలా అయితే కింది ముడత, నల్లి పని. రెండింటికీ మొదట్లో ఆకు అడుగున నీళ్లు కొట్టి వేపనూనె చల్లితే సర్దుకుంటుంది. కింది ముడత ముదిరితే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం వాడొచ్చు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టొద్దు, ఆకు మాడుతుంది.

కాలీఫ్లవర్ పువ్వు పసుపుపచ్చగా వస్తోంది. బజార్లో తెల్లగా ఉంటుంది కదా?

ఎండ తగిలితే పసుపు రంగు వస్తుంది, తినడానికి ఏ లోటూ లేదు. తెల్లగానే కావాలంటే పువ్వు కోడిగుడ్డంత అయ్యాక దాని ఆకులే పైకి మడిచి అరటినారతో కట్టండి. గుండీ అంత పువ్వేసి ఆగిపోతే నారు ముదిరిపోయాక నాటారని లెక్క.

## పువ్వులు, పండుగలు

మార్గశిర గురువారాలకి, సంక్రాంతికి బంతిపూలు ఇంట్లోవే కావాలి. ఎప్పుడు వేయాలి?

వెనక్కి లెక్కపెట్టండి. విత్తనం నుంచి పువ్వుకి రెండు నెలలు, పెద్ద ముద్దబంతికి ఇంకో పది పదిహేను రోజులు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒడియా వాళ్ల మార్గశిరం కార్తీక పౌర్ణమి మర్నాడే మొదలవుతుంది, మన పంచాంగం కంటే పదిహేను రోజులు ముందు. పక్కింట్లో మాణబసా గురువారం లక్ష్మీపూజ మొదలైన రోజు నుంచే బజార్లో బంతి ధర ఎగబాకుతుంది. ఆ పూజకి కావాలంటే సెప్టెంబరు మొదటి పదిహేను రోజుల్లో విత్తాలి. సంక్రాంతి గొబ్బెమ్మలకీ గుమ్మాలకీ అయితే అక్టోబరు చివరి వారం సరైనది. నాటిన నెలకి తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పువ్వు రెట్టింపవుతుంది, కానీ వారం పది రోజులు ఆలస్యమవుతుంది. ఆ రోజులు కూడా లెక్కలో వేసుకోండి.

చామంతి ఏపుగా ఉంది, డిసెంబరు వచ్చినా మొగ్గ లేదు. పక్కింట్లో విరగబూసింది.

రాత్రి తొమ్మిదింటికి వెళ్లి ఆ కుండీ దగ్గర నిలబడి చూడండి, వీధిదీపం వెలుగు పడుతోందా? చామంతి పొడవైన చీకటి రాత్రి ఉంటేనే మొగ్గ వేస్తుంది. మన దగ్గర డిసెంబరులో పగలు సుమారు 11 గంటలే, అది దానికి నచ్చిన కాలం. రాత్రి దీపం వెలుగు పడితే మాత్రం దానికి ఇంకా వేసవి అనిపిస్తుంది. మా ఇంటి ముందు కొత్త ఎల్‌ఈడీ దీపం పెట్టిన ఏడాది గేటు పక్కన ఉన్న ఆరు కుండీలు పూయలేదు, పెరట్లో ఉన్నవి అదే మొక్క పిలకలైనా పసుపు ముద్దల్లా పూశాయి. కుండీలని చీకటి మూలకి మార్చాక సుమారు రెండు నెలలకి పువ్వు చూశాం. సెప్టెంబరులోనే మార్చుకుంటే కాలానికి పూస్తుంది.

రథసప్తమికి చిక్కుడు ఆకులు, కాయలు ఉంటాయా?

ఆగస్టులో వేసిన పాదు జనవరి చివరకి ముదురుతుంది. ఆ పండుగ కోసం ఒక కొమ్మని కోయకుండా వదలండి. రథానికి చీపురు పుల్లలు గుచ్చడానికి కాస్త ముదిరిన కాయ కావాలి, లేతది చీలిపోతుంది. పరమాన్నం పెట్టే ఆకులకి పాదు లోపలి నీడలో ఉన్నవి తీసుకోండి, అవి వెడల్పుగా, పేను లేకుండా ఉంటాయి.

పక్కింటి ఒడియా మావుసి పసుపు ఆకులు అడుగుతోంది. కోస్తే దుంపకి నష్టమా?

మొక్కకి ఒకటి రెండు ఆకులైతే ఏమీ కాదు. ప్రథమాష్టమికి వాళ్లు పసుపు ఆకులో పిండి పెట్టి ఎండురి పిఠా ఆవిరి మీద ఉడికిస్తారు. అది మన లెక్కలో కార్తీక బహుళ అష్టమి. ఇంటికి పెద్దబిడ్డ పేరు మీద చేసే పండుగ అది, కాదనకండి. సాయంత్రానికి ఆ పిఠా మీ ఇంటికి వస్తుంది. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసమే నేను ఏటా మేలో నాలుగు పసుపు కొమ్ములు ఎక్కువ పాతుతాను. దుంప మాత్రం ఆకులు పూర్తిగా ఎండాక, జనవరి ఫిబ్రవరిలో తవ్వాలి.

గులాబీకి కత్తిరింపు ఎప్పుడు?

అక్టోబరు మధ్యలో. చేసిన 45 నుంచి 50 రోజులకి పువ్వు వస్తుంది. ఇప్పటికే డిసెంబరు వచ్చేస్తే వాడిన పువ్వులు మాత్రం కోసి ఊరుకోండి.

## తోటలో గడపడం

పనంతా అయ్యేసరికి కూర్చునే ఓపిక ఉండట్లేదు. మీరెలా చేస్తారు?

పని తగ్గించుకున్నాను. చలికాలంలో కలుపు నెమ్మదిగా పెరుగుతుంది, నీళ్లు రోజూ అక్కర్లేదు. రాలిన ఆకుల్ని తగలబెట్టకుండా మొక్కల మొదట్లో రెండంగుళాల మందంలో పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు ఇంకా తగ్గుతుంది. మిగిలిన సమయం మీదే.

ఒక పాత కుర్చీ తూర్పు ఎండ పడేచోట శాశ్వతంగా పెట్టేయండి. రోజూ లోపలి నుంచి తెచ్చుకోవాలంటే తెచ్చుకోరు. ఏడున్నర, ఎనిమిదికి నీరెండ పడుతుంది, కాలీఫ్లవర్ ఆకుల మీద మంచు బొట్లు దొర్లుతూ ఉంటాయి, కింద కూర్చుని చూస్తే ఒక్కో బొట్టులో పందిరి తలకిందులుగా కనిపిస్తుంది. తొమ్మిదింటికి అవి ఉండవు. మందారం దగ్గరికి తేనెపిట్టలు వస్తాయి. తోక ఊపుకుంటూ మడుల మధ్య నడిచే సన్నటి పిట్ట చలికాలానికి ఉత్తరం నుంచి వచ్చే చుట్టం, అది పురుగులు ఏరుకుంటుంది, తరమకండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల కుర్చీ కూడా అక్కడే వేయండి. మా మామగారు ఆఖరి రెండు చలికాలాలు బఠానీలు ఒలుస్తూ అక్కడే గడిపారు.

చిక్కుళ్లు, వంకాయలు తినలేనంత కాస్తున్నాయి. ఏం చేయాలి?

పంచండి. మా వీధిలో చిక్కుళ్ల సంచి వెళ్లిన ఒడియా ఇంటి నుంచి బడి అనే వడియాలు తిరిగి వస్తాయి. బూడిద గుమ్మడి, మినప్పప్పుతో వాళ్లు ఈ ఎండలోనే పెట్టుకునేవి అవి. ఆ బడి వేయించి మన వంకాయ కూరలో వేసి చూడండి. మిగిలినవన్నీ వేసి సంతులా అనే ఒడియా కూర చేసుకోవచ్చు, తక్కువ నూనెతో చలిరోజు రాత్రి కడుపుకి తేలికగా ఉంటుంది.

## చలి వెళ్లేటప్పుడు

మల్లె ఎండిపోయినట్టుంది. తీసేయనా?

తీయకండి, నిద్రపోతోంది. డిసెంబరులో నీళ్లు బాగా తగ్గించండి. జనవరిలో మోకాలి ఎత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేయండి. పది రోజుల తర్వాత చుట్టూ మట్టి గుల్ల చేసి, రెండు బుట్టల ఎరువు వేసి, నిండుగా నీళ్లు పెట్టండి. ఆవ చెక్క ఐదు రోజులు నానబెట్టి, ఆ నీళ్లు పది రెట్లు పలచన చేసి పోస్తే ఇంకా మంచిది. శివరాత్రి దాటాక మొగ్గలు చూస్తారు.

ఏ విత్తనాలు దాచుకోవచ్చు?

నాటు చిక్కుడు, మెంతి, కొత్తిమీర, నాటు వంగ, బంతి. హైబ్రిడ్ ప్యాకెట్ నుంచి వచ్చినవి దాచినా తల్లిలా రావు. చిక్కుడులో పాదు మొదటి వైపున్న మంచి కాయల్ని చెట్టు మీదే ఎండనివ్వండి. గలగలమన్నాక ఒలిచి, రెండు రోజులు ఆరబెట్టి, పొడి బూడిదతో కలిపి సీసాలో పోసి మూత బిగించండి. సీసా మీద పేరు, నెల, ఎవరిచ్చిన విత్తనమో రాయండి. నా దగ్గరున్న ఎర్ర అంచు చిక్కుడు పర్లాకిమిడి నుంచి మా పెద్దత్త తెచ్చినది, ఆవిడ పోయి తొమ్మిదేళ్లయినా సీసా మీద ఆవిడ పేరే ఉంది.

ఫిబ్రవరిలో మడులు ఖాళీ అవుతున్నాయి. వెంటనే ఏం వేయాలి?

చివరి కేబేజీ కోసిన వారంలోనే బెండ, దోస, ఆనప, బీర, తోటకూర వేసేయండి. చలి పూర్తిగా పోయేదాకా ఆగితే కాయ పడే వేళకి ఎండలు ముదిరిపోతాయి. కోరాపుట్ వాళ్లు నెలాఖరు దాకా ఆగొచ్చు. కేబేజీ మొదళ్లు నేలలో వదలకుండా పీకండి, మడిని నాలుగు రోజులు ఎండనిచ్చి ఎరువు కలపండి. ఆనప గింజల్ని ముందు రోజు రాత్రి నానబెట్టి, మొన కిందికి ఉండేలా పాదుకి మూడేసి గుచ్చండి.